అచ్చయిపోయిన అభిప్రాయం

రాగులదిన్నె హైస్కూల్లో శుక్రవారం ఆఖరి పీరియడుకు పేరు లేదు. పేరు లేకపోబట్టే అది ఆరేళ్లు సుఖంగా బతికింది. టైమ్‌టేబుల్లో ఆ గడి దగ్గర ఉత్త "తెలుగు" అని రాసి ఉండేది. ఆ గంటలో తొమ్మిదో తరగతి పిల్లలు ఏం చేస్తున్నారని పైవాళ్లు అడగలేదు, మాణిక్యాంబ టీచరు చెప్పలేదు.

చేసేది పెద్ద ఘనకార్యమేమీ కాదు. బళ్లో "ఉత్తరపు గవని" అనే పాత నవల తొమ్మిది ప్రతులున్నాయి. ఎవరో పుణ్యాత్ముడు ఎప్పుడో ఇచ్చి పోయినవి. ఇప్పుడు బజార్లో ఎక్కడా దొరకవు. ముగ్గురికి ఒక పుస్తకం. వారానికో ప్రకరణం పైకి చదవాలి, తర్వాత దాని మీద పోట్లాడుకోవాలి. పోట్లాటకు టీచరు పెట్టిన నియమం ఒక్కటే. మాట అన్నవాళ్లు ఏ పేజీ చూసి అన్నారో చూపించాలి.

నవల ఒక చిన్న కోట ముట్టడి కథ. శత్రుసేన మూడు నెలలుగా కోట చుట్టూ దిగి ఉంటుంది. ఏడో ప్రకరణంలో, ఉత్తరపు గవనికి, అంటే ఆ వైపు కోట ద్వారానికి, కాపలా ఉండే సంగడు గడియ తీసేస్తాడు. శత్రువులు లోపలికి వచ్చేస్తారు. కోట పోతుంది.

ఆ ప్రకరణం చదివిన రోజే పర్యవేక్షకుడు భాస్కరమూర్తి బళ్లో మరుగుదొడ్లు ఎన్నున్నాయో చూడటానికి వచ్చాడు. ఉన్నవి రెండే కావడంతో తనిఖీ తొందరగా తెమిలిపోయింది. బస్సుకు ఇంకా గంట టైముంది. వరండాలో పచార్లు చేస్తుంటే తొమ్మిదో తరగతిలోంచి గొడవ వినబడింది.

"వాడు ద్రోహి టీచర్!" అంటోంది ఓబులమ్మ. తాపీమేస్త్రీ కూతురు. మనిషి బక్కపలచనే గానీ గొంతు మాత్రం కంచు. "తిండి పెట్టిన దొరకే ఎసరు పెట్టాడు. అరవై రెండో పేజీ."

"నువ్వయితే ఏం చేసేదానివంట?" అన్నాడు బాజీ. "మూణ్ణెల్లు గోడ మీద నిలబడి చూడు, తెలుస్తది."

"నిలబడతా. నీలాగా ఎప్పుడు బెల్లు కొడతారా అని చూడను."

ఇంతలో వంటపాక వైపు నుంచి ఒక మేక తలుపు తోసుకుని లోపలికి వచ్చింది.

"లేవండ్రా, సేనాపతిగారొచ్చారు" అన్నాడు బాజీ.

క్లాసు క్లాసంతా విరగబడి నవ్వింది. మేక ఒక సుద్దముక్కను వాసన చూసి, నచ్చక వెళ్లిపోయింది. మాణిక్యాంబ నవ్వులు సద్దుమణిగేదాకా ఆగి, "సరే, మీరేమంటారు?" అంది. పోట్లాట మళ్లీ మొదలైంది.

భాస్కరమూర్తి కిటికీ పక్కన నిలబడి అదంతా ఫోన్లో రికార్డు చేసుకున్నాడు. ఇరవై రెండేళ్లుగా బళ్లు తనిఖీ చేస్తున్నాడు గానీ, పిల్లలు మాట్లాడగా వినడం ఆయనకు అదే మొదటిసారి. కళ్లు చెమర్చాయి. కళ్లు చెమర్చిన అధికారి కంటే ప్రమాదకరమైనది బళ్లకు మరొకటి లేదని మాణిక్యాంబకు అప్పటికి తెలియదు.

మూడు వారాలు తిరక్కుండానే ప్రధానోపాధ్యాయుడు దశరథరామయ్య రెండు చేతులా ఒక పుస్తకం పట్టుకుని, గుళ్లోంచి ప్రసాదం తెస్తున్నట్టు స్టాఫ్‌రూముకు వచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు. "బయట ఎండగా ఉందా సార్?" అనడిగినా "పైవాళ్లు ఏమంటారో కనుక్కుందామమ్మా" అనే రకం, అంతే.

"మాణిక్యంగారూ! మన బడి పేరు రాష్ట్రమంతా మోగిపోతోందమ్మా. చదవండి, చదవండి."

పుస్తకం పైన ఉత్తర్వు అంటించి ఉంది. "రాగులదిన్నె ఉన్నత పాఠశాలలో విద్యార్థులు ఒక చారిత్రక నవలపై స్వేచ్ఛగా, స్వతంత్రముగా, ఎట్టి ముందస్తు సన్నాహము లేకుండా చర్చించుచున్న విషయము ప్రభుత్వ దృష్టికి వచ్చినది. సదరు స్వేచ్ఛను రాష్ట్రములోని అన్ని పాఠశాలలయందు ఏకరూపముగా అమలుపరచవలెనని నిర్ణయించడమైనది."

కింద పుస్తకం పేరు: చారిత్రక నవలా చర్చా మార్గదర్శిక. ఎనభై నాలుగు పేజీలు. మాణిక్యాంబ మొదటి పేజీ తిప్పింది.

"ఒకటవ నిమిషము: విద్యార్థి నంబరు ఒకటి (బాలిక) లేచి 'వాడు ద్రోహి టీచర్' అనవలెను. గొంతు కొంచెము హెచ్చుగా ఉండవలెను. రెండవ నిమిషము: విద్యార్థి నంబరు రెండు (బాలుడు) విభేదించవలెను. ఇందు నిమిత్తము ప్రతి పాఠశాల ఒక విభేదించు విద్యార్థిని నియమించుకుని, అతనికి బ్యాడ్జి ఇవ్వవలెను. అతడు సెలవుపై ఉన్నచో ఆ దినమున వేరెవరును విభేదించరాదు."

ఇంకో రెండు పేజీలు తిప్పింది. "పదునాలుగవ నిమిషము: మేక ప్రవేశము. పదునాలుగు నిమిషముల ఇరువది సెకనులు: నవ్వు (ఆకస్మికము)."

"ఈ మేకేంది సార్?" అంది.

"ఉండాలంటమ్మా. మేక వచ్చిపోయాకే చర్చ ఊపందుకుందని పైవాళ్ల విశ్లేషణ. నిపుణుల కమిటీ వేసి మరీ తేల్చారు."

"మేక సంగతి తేల్చే నిపుణులెవరు సార్?"

"పశుసంవర్ధక శాఖ నుంచి ఒకాయన్ని తీసుకున్నారులే."

ఆ నెలలో రాష్ట్రంలో ఎనిమిది వేల బళ్లకు ఎనిమిది వేల మేకలు కావలసి వచ్చాయి. మేకలున్న ఇళ్ల పిల్లలకు ముందు బెంచీ దక్కింది. సముద్రపొడ్డు మండలం ఒకదాంట్లో మేకలు దొరక్క, గొర్రెతో సరిపెట్టుకోవచ్చునా అని రాసి అడిగారు. వారం లోపలే జవాబు వచ్చింది. "గొర్రె చర్చకు అనుకూలము కాదు. గొర్రె సమక్షమున విభేదించు విద్యార్థి సైతము ఏకీభవించు ప్రమాదమున్నది." ఇంకో బళ్లో మేక లోపలికి వచ్చి, పదిహేనో నిమిషం నుంచి ఆఖరుదాకా ఉన్న పేజీలు నమిలేసింది. ఆ తర్వాత ఏమనాలో తోచక పిల్లలు సాయంత్రం దాకా అట్లాగే నిలబడ్డారట. సంజాయిషీ మేక యజమానిని అడిగారు.

ఈ లోపల రాగులదిన్నెలో ఒక పొరపాటు జరిగిపోయింది. ఉత్తర్వు వచ్చేలోపు పిల్లలు నవలలో ఇంకో రెండు ప్రకరణాలు చదివేశారు.

తొమ్మిదో ప్రకరణంలో తెలుస్తుంది. కోటలో మంచినీళ్ల బావి ఒక్కటే మిగిలింది. దాన్ని దొర తన గుర్రాలకు అట్టిపెట్టుకున్నాడు. సంగడు గడియ తీయడానికి రెండు రోజుల ముందు అతని ఏడేళ్ల కూతురు దాహంతో చనిపోయింది. ఆ ప్రకరణం చివర, కోట గెలిచిన కొత్త దొర మనుషులు సంగడి చేతులు కట్టి కొలువుకు తీసుకుపోతారు. అంతటితో ఆ వారం చదువు ఆగింది. మర్నాడు పొద్దున్నే ఓబులమ్మ వచ్చి, "టీచర్, నేనన్నది తప్పు. వాడు ద్రోహి కాదు. ఎనభై ఏడో పేజీ" అని చెప్పి పోయింది.

మార్గదర్శిక ప్రకారం మొదటి చర్చ పెట్టిన శుక్రవారం భాస్కరమూర్తి చేతిలో గడియారం పెట్టుకుని ముందు కుర్చీలో కూర్చున్నాడు. మేకను వరండాలో స్తంభానికి కట్టేశారు. బాజీ చొక్కాకు బ్యాడ్జి ఉంది. ఓబులమ్మ లేచింది.

"వాడు ద్రోహి కాదు టీచర్."

భాస్కరమూర్తి గడియారం ఆపాడు. "అమ్మాయ్, నీ మాట అది కాదు."

"అవును సార్. అప్పుడు ఏడు ప్రకరణాలే చదివాం. ఇప్పుడు తొమ్మిది చదివాం."

"అంటే అభిప్రాయం మార్చుకున్నావా?"

"నేను మార్చుకోలా సార్. అదే మారింది."

"ఎట్లా మారుతుందమ్మా?" భాస్కరమూర్తి గొంతులో కోపం లేదు, బాధే ఉంది. "నీ అభిప్రాయం అచ్చయిపోయింది తల్లీ. ఈ నిమిషాన ఎనిమిది వేల బళ్లలో ఎనిమిది వేల మంది ఆడపిల్లలు లేచి నిలబడి నీ అభిప్రాయం చెబుతున్నారు. వాళ్లందర్నీ నట్టేట్లో వదిలేస్తావా?"

బాజీ చెయ్యెత్తాడు. "సార్, ఎనభై ఏడో పేజీ చదివాక నాదీ ఓబులమ్మ మాటే. మరి నేను ఎవరితో విభేదించాల?"

"నువ్వు కూర్చో. నీ వంతు రెండో నిమిషం."

అభిప్రాయం మార్చుకోవడానికి ఒక పద్ధతి ఉందని భాస్కరమూర్తే చెప్పాడు. దరఖాస్తు నమూనా తెప్పించాడు. అందులో గడులున్నాయి. ప్రస్తుతమున్న అభిప్రాయము. కోరుచున్న అభిప్రాయము. మార్పునకు కారణము. తండ్రి సంతకము. ఓబులమ్మ నాన్న సున్నం చేతులు తుడుచుకుని సంతకం పెట్టాడు. పెట్టి, "మీ అమ్మ పెళ్లప్పుడు కూడా ఇన్ని కాయితాలు లేవు గదే" అన్నాడు. కారణం అన్న గడిలో ఓబులమ్మ "పుస్తకం చదివాను" అని రాసింది.

దానికి వచ్చిన జవాబు బళ్లో అందరికీ చదివి వినిపించారు. "విద్యార్థిని దరఖాస్తును క్షుణ్ణముగా పరిశీలించడమైనది. అభిప్రాయములలో ఏర్పడుచున్న అస్థిరతకు సదరు నవలలోని ఎనిమిదవ ప్రకరణము మొదలుకొని మిగిలిన భాగమే మూలకారణమని తేలినది. కావున సదరు భాగమును తక్షణము విద్యార్థుల అందుబాటు నుండి తొలగించవలెను."

ఏడు ప్రకరణాలతో ఆగిపోయే కొత్త చర్చా ప్రతులు అచ్చై వచ్చాయి. నున్నటి కాగితం, మంచి బొమ్మలు. పాత తొమ్మిది ప్రతులనూ దశరథరామయ్య గదిలో బీరువాలో పెట్టి, తాళం మీద లక్కతో ముద్ర వేశారు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు.

అప్పటి నుంచి ఓబులమ్మ రోజూ ఇంటర్వెల్లో వచ్చి నిలబడేది. "టీచర్, కొత్త దొర సంగణ్ణి ఏం చేశాడు? మీరు చదివే ఉంటారుగా."

"నా చిన్నప్పుడు చదివా."

"అయితే చెప్పండి."

"నేను చెబితే అది నేను చెప్పిన కథే అవుతుంది ఓబులీ. నువ్వు చదివితేనే నీదవుతుంది."

"చదువుదామంటే బీరువాలో ఉందిగా!"

ఆరేళ్లుగా ఏ పుస్తకమైనా ఆఖరి పేజీ దాకా తీసుకుపోయిన గంట అది. ఇప్పుడు ప్రతి శుక్రవారం ఏడో ప్రకరణం దాకా పోయి, అక్కడ మేకను చూసి వెనక్కి వస్తోంది.

ఆవిణ్ణి కూడా ఊరికే వదల్లేదు. మూడు రోజుల శిక్షణకు జిల్లా కేంద్రానికి రమ్మన్నారు. నేర్పేవాడు పాతికేళ్ల కుర్రాడు, ఇస్త్రీ మడత నలగనివాడు.

"మేడం, 'సరే' అన్నాక ఒకటిన్నర సెకను ఆగి, అప్పుడు 'మీరేమంటారు' అనాలి. మీరు మరీ ఎక్కువ ఆగుతున్నారు. అసలు టీచరు ఎట్లా అన్నారో వినండి." రికార్డు పెట్టాడు.

"అది నేనేనయ్యా."

"అవునా మేడం!" అబ్బాయి సంతోషపడిపోయాడు. "అయితే మీకు ఇంకా తేలిగ్గా రావాలే."

రాలేదు. మూడో రోజు పెట్టిన పరీక్షలో మాణిక్యాంబకు నూటికి నలభై ఒకటి వచ్చాయి. "అసలు ఉపాధ్యాయురాలిలోని సహజత్వము ఈమెలో లోపించినది" అని రాసిచ్చారు. నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకున్నావిడ గణితం టీచరు. నవల అట్ట కూడా చూడలేదని ఆవిడే గర్వంగా చెప్పుకుంది.

ఆ తర్వాత సంయుక్త సంచాలకులు నిత్యానందంగారు స్వయంగా రాగులదిన్నె వస్తున్నారని కబురొచ్చింది. చర్చ పుట్టిన గదిలో, చర్చ పుట్టించిన పిల్లల నోటనే ఆయన చర్చ వింటారు. గోడకు శిలాఫలకం వేస్తారు. వేరే సెక్షన్లో మంచి గొంతున్న పిల్ల, పుస్తకం ముట్టని పిల్ల ఉందని భాస్కరమూర్తి విన్నవించుకున్నాడు గానీ, ఆయన అసలు ఓబులమ్మే కావాలన్నారు.

దశరథరామయ్యకు రెండు రోజులు అన్నం సయించలేదు. ఆఖరికి ఓబులమ్మను గదిలోకి పిలిచి, పక్కన మాణిక్యాంబ ఉండగానే బతిమాలాడు.

"ఒక్క మాటమ్మా. అయిదు సెకన్లు. 'వాడు ద్రోహి టీచర్.' అనేసి కూర్చో. నా ఉద్యోగం నిలబెట్టినదానివవుతావు."

ఓబులమ్మ బీరువా వైపు చూసింది. "అంటే దాని తాళం తీస్తారా సార్?"

"పైవాళ్ల కాళ్లు పట్టుకునైనా తీయిస్తా. నా పిల్లల మీద ఒట్టు."

బయటికి వచ్చాక ఓబులమ్మ అడిగింది. "అనమంటారా టీచర్? అంటే పుస్తకం వస్తది."

"నన్నడిగితే ఎట్లా? నోరు నీది."

"మీరు ఎప్పుడూ ఇంతే" అని ఓబులమ్మ విసవిసా వెళ్లిపోయింది.

నిత్యానందంగారు వచ్చారు. దండ వేశారు, శాలువా కప్పారు. ఆయన మెత్తటి గొంతుతో పావుగంట మాట్లాడారు. "చరిత్ర అనునది గతమునకు సంబంధించినది. నవల అనునది కల్పనకు సంబంధించినది. ఈ రెంటినీ సమన్వయపరచి, విద్యార్థుల మనసులలో ఏ విధమైన సందేహమూ మిగలకుండా చేయుటే చర్చ యొక్క పరమ లక్ష్యము." దశరథరామయ్య ముందుగా చప్పట్లు కొట్టాడు. భాస్కరమూర్తి గడియారం నొక్కాడు.

ఓబులమ్మ లేచింది. "వాడు..." అంది. ఆగింది. దశరథరామయ్య పెదవులు తనకు తెలియకుండానే మిగతా రెండు మాటలూ పలుకుతున్నాయి.

"నేనిప్పుడు చెప్పలేను సార్" అంది ఓబులమ్మ. "ఆ పుస్తకం సగమే చదివా. మిగతా సగం బీరువాలో ఉంది. అది కూడా చదివి అప్పుడు చెప్తా."

నిత్యానందంగారు చిరునవ్వుతోనే మార్గదర్శిక తెరిచారు. మొదటి నిమిషం దగ్గర ఆ జవాబు లేదు. రెండో నిమిషం దగ్గరా లేదు. చిరునవ్వు తగ్గింది. "మూర్తీ, అనుబంధములో చూడుము."

"చూస్తున్నానండి. 'తడబడు విద్యార్థులు' అని ఉందండి. 'ఏడ్చు విద్యార్థులు' అని ఉందండి. 'ఇంకా చదవాలను విద్యార్థులు' అని లేదండి."

"ఉండి తీరవలెను. మన వద్ద లేని పరిస్థితి ఏర్పడుటకు వీలు లేదు."

ఇద్దరూ చెరో పుస్తకం తీసుకుని పేజీలు తిప్పడం మొదలుపెట్టారు. దశరథరామయ్య మూడో పుస్తకం అందుకున్నాడు. ఈలోపల బాజీ లేచి ఓబులమ్మ వైపు తిరిగాడు.

"నువ్వేమీ అనకపోతే నేను దేనితో విభేదించాలే?"

"విభేదించకు. ఆలోచించు."

బాజీ నిజంగానే ఆలోచించాడు. బ్యాడ్జి గుచ్చుకుంటోందని తీసి బల్ల మీద పెట్టాడు. "నాకైతే ఆ కొత్త దొర సంగణ్ణి చంపుతాడనిపిస్తంది."

"ఎందుకు చంపుతాడు? కోట ఇప్పించాడుగా!"

"అందుకే. పాత దొర మీదికి గడియ తీసినవాడు రేపు నా మీదికి మాత్రం తీయడా అనుకుంటాడు."

అంతే, అందరూ ఒక్కసారే మాట్లాడారు. దాహం వేసినవాడికి దొరలందరూ ఒక్కటే అన్నారొకరు. గుర్రాలు లేకపోతే కోట నెల ముందే పోయేది గదా, అప్పుడు నీళ్లు ఎవరికియ్యాల అని ఇంకొకరు లంకించుకున్నారు. కూతురు చావకపోయుంటే సంగడు గడియ తీసేవాడా అని మూల బెంచీ పిల్ల అడిగింది. ఆ పిల్ల ఆ ఏడాది అప్పటిదాకా నోరు తెరవలేదు. మాణిక్యాంబ గోడకు ఆనుకుని చేతులు కట్టుకుని విన్నది. మూడు రోజులు నేర్పిన "మీరేమంటారు" ఒక్కసారి కూడా అవసరం పడలేదు.

"నిశ్శబ్దము!" అని నిత్యానందంగారు పుస్తకంలోంచి తలెత్తి అరిచారు. "నిశ్శబ్దముగా ఉండవలెను! చర్చ ఇంకను ప్రారంభము కాలేదు!"

ఎవరికీ వినబడలేదు. నలభై నిమిషాల తర్వాత బెల్లు కొట్టారు. అప్పటికి వాళ్లు, చేతిలో పాత పుస్తకం లేకపోయినా, డెబ్బై ఆరో పేజీ దగ్గర ఉన్నారు.

పదో రోజున ఉత్తర్వు వచ్చింది. దశరథరామయ్య స్టాఫ్‌రూములో నిలబడి చదివాడు. "తనిఖీ సమయమున విద్యార్థులు నలుబది నిమిషములపాటు మాట్లాడుకున్నారు. చర్చ జరగలేదు. కావున రాగులదిన్నె పాఠశాలను చర్చకు అనర్హమైనదిగా ప్రకటించి, పథకము నుండి శాశ్వతముగా తొలగించడమైనది. ఇకమీదట ఈ పాఠశాలలో ఏ నవలపైనను ఎట్టి చర్చయు జరుపరాదు. పథకమునకు చెందిన మార్గదర్శికలు, చర్చా ప్రతులు, బ్యాడ్జి, లక్క ముద్రతో సహా సమస్త సామగ్రిని మూడు దినములలో వాపసు చేయవలెను." చర్చ పుట్టిన స్థలమని చెక్కిన శిలాఫలకాన్ని మాత్రం ఆ తొంభై ఎనిమిది మార్కుల గణితం టీచరు పనిచేసే బళ్లో ప్రతిష్ఠించారు.

"లక్క ముద్ర కూడా పంపాలంటమ్మా" అన్నాడు దశరథరామయ్య. "అది పథకం వాళ్లదట."

"పంపండి సార్. వాళ్ల లక్క మనకెందుకు?"

"మరి బీరువా...?"

"బీరువా బడిదేగా."

ఆయన ఆ కాగితాన్ని ఇంకోసారి చదివాడు. పాత పుస్తకాల ఊసు అందులో ఎక్కడా లేదు. తన గదిలోకి పోయి చాకుతో లక్క గీకి, ఒక్క పలుకు కూడా పోకుండా కవరులోకి ఎత్తి, పైన చిరునామా రాశాడు. తర్వాత తాళం తీశాడు.

శుక్రవారం ఆఖరి పీరియడుకు దశరథరామయ్య తొమ్మిదో తరగతికి వచ్చాడు. చర్చ జరగకుండా చూడవలసిన బాధ్యత తన మీద ఉందన్నాడు. వెనక బెంచీలో మూల పిల్ల పక్కన ఇరుకున కూర్చున్నాడు. ఓబులమ్మ పదో ప్రకరణం పైకి చదివింది. కొత్త దొర సంగణ్ణి చంపడు. చేతి కట్లు విప్పించి, కడియం తొడిగి, మళ్లీ అదే ద్వారానికి కాపలా పెడతాడు. కాకపోతే ఈసారి కాలికి గొలుసు వేసి, రెండో కొసను ద్వారబంధానికి బిగించమంటాడు.

"ఇదన్యాయం!" అని ఎవరో బల్ల గుద్దారు.

అందరూ వెనక్కి తిరిగి చూశారు. గుద్దింది దశరథరామయ్య. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో పైవాళ్లను అడక్కుండా ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. ఆయనకే భయం వేసినట్టుంది, కిటికీలోంచి బయటికి చూశాడు. వరండాలో ఎవరూ లేరు.

"కాదు సార్" అన్నాడు బాజీ.

దశరథరామయ్య మొహం ఎర్రబడింది. వేలు బాజీ మీదికి లేచింది. "కూర్చోరా" అనబోయాడు. పక్కనున్న పిల్ల పుస్తకాన్ని ఆయన వైపు జరిపింది. ఆయన ఆ పేజీ కేసి చూశాడు, మళ్లీ బాజీ కేసి చూశాడు.

"ఎందుకు కాదురా?" అని అడిగాడు.